వెబ్‌సైట్ ముందు ఇంట్లో నడవాలి

ఖరగ్‌పూర్ అనే పేరును తెలుగులో రెండు రకాలుగా టైప్ చేయవచ్చు. ఒక పద్ధతిలో 'గ్' తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు వచ్చి చేరుతుంది. 'గ్'కూ 'పూ'కూ మధ్య నిలబడి, అవి రెండూ కలిసి ఒత్తుగా మారకుండా చూడడం ఒక్కటే దాని పని. యూనికోడ్ పరిభాషలో దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. రెండో పద్ధతిలో ఆ గుర్తు ఉండదు. అప్పుడు తెర మీద 'ఖరగ్పూర్' అని, గకారం కింద పకారం ఒత్తుతో కనిపిస్తుంది. చదివే మనిషికి రెండూ ఒకే ఊరు. యంత్రానికి మాత్రం మొదటిది 9 సంకేతాల మాట, రెండోది 8 సంకేతాల మాట. చిరునామాలను మొదటి పద్ధతిలో దాచుకున్న వెబ్‌సైట్‌లో ఎవరైనా రెండో పద్ధతిలో టైప్ చేసి వెతికితే 'ఫలితాలు లేవు' అని రావచ్చు. కచ్చితంగా వస్తుందని చెప్పలేం, ఎందుకంటే అది డేటాబేస్‌ను అమర్చిన తీరును బట్టి ఉంటుంది. బైటుకు బైటు పోల్చే అమరిక ఉంటే దొరకదు. యూనికోడ్ పోలిక నియమాలను పాటించే అమరిక ఉంటే దొరికే అవకాశం ఎక్కువ, ఆ నియమాలు ఈ కనిపించని గుర్తును లెక్కలోకి తీసుకోవు కాబట్టి.

ఈ ఊరికి ఇది ఒక్క తెలుగులోనే వచ్చిన చిక్కు కాదు. బెంగాలీలోనూ హిందీలోనూ ఖరగ్‌పూర్ పేరులో రెండో అక్షరం డకారం కింద చుక్క పెట్టినట్టు ఉంటుంది. ఆ అక్షరాన్ని ఒకే సంకేతంగానూ రాయవచ్చు, డకారం, చుక్క అని రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. తెర మీద తేడా ఏమీ ఉండదు. అంటే ఖరగ్‌పూర్ వాసులు రోజూ వాడే మూడు భాషల్లోనూ సొంత ఊరి పేరే కంప్యూటర్‌కు రెండు వేర్వేరు మాటలుగా కనిపించే వీలుంది. తెలుగు, బెంగాలీ, హిందీ, ఒడియా, తమిళం ఒకే బజారులో వినిపించే ఈ రైల్వే పట్టణాన్ని చిన్న భారతదేశం అని ఊరికే అనలేదు.

ఇలాంటి తప్పు ఎక్కడ బయటపడుతుంది? పాఠ్యపుస్తకంలో కాదు. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ఎడిటర్‌లో నాలుగు లైన్లు రాసి పచ్చ బొత్తాం నొక్కినప్పుడూ కాదు. వెబ్ సర్వర్, డేటాబేస్, ప్రోగ్రామ్ భాష మూడూ ఎదురుగా ఉండి, వాటి అమరికల ఫైళ్లను తెరిచి మార్చి, మళ్లీ నడిపి చూసుకునే చోట బయటపడుతుంది. అలాంటి చోటు ఏర్పాటు చేసుకోవడానికి డబ్బు ఖర్చు లేదు, ఇంట్లో ఒక సాధారణ కంప్యూటర్ చాలు. అయినా వెబ్ నేర్పే చాలాచోట్ల ఈ మెట్టును దాటవేస్తున్నారు. నేర్చుకునేవాడి మొదటి పేజీని మొదటి రోజే ఏదో ఉచిత హోస్టింగ్ మీదకు ఎక్కించి 'నీ సైట్ ప్రపంచమంతా చూస్తోంది' అని చెప్పడం పిల్లలకు హుషారునిస్తుంది, నిజమే. అయితే సర్వర్ అంటే ఏమిటో తెలియకుండానే కోర్సు పూర్తవుతుంది. ఈ వరస తిరగబడాలి. వెబ్‌సైట్ ముందు సొంత కంప్యూటర్‌లో నడవాలి, ఊరేగింపు తర్వాత.

ఖరగ్‌పూర్‌కు ఈ మాట కొత్తగా చెప్పనక్కరలేదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1887లో ఏర్పడింది. పందొమ్మిదో శతాబ్దం చివర ఆ కంపెనీ వేసిన లైన్లు కలిసిన చోట ఖరగ్‌పూర్ జంక్షన్ వెలిసింది. 1893 నుంచి 1896 మధ్య విజయవాడకూ కటక్‌కూ నడుమ తూర్పు తీర రైలు మార్గం తెరుచుకుంది. 1902లో దాని ఉత్తర భాగం బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో కలిసింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు పల్లెలకు ఖరగ్‌పూర్ దారి అలా పడింది. కూలీలుగా, ఫిట్టర్లుగా, గ్యాంగ్‌మన్‌లుగా వెళ్లినవారి మనవలు, ముని మనవలు ఇవాళ ఆ పట్టణంలో తెలుగువాళ్లుగానే ఉన్నారు. రైల్వే వర్క్‌షాపు వాళ్ల జీవితాలకు కేంద్రం. ఆ వర్క్‌షాపు చేసే పని ఏమిటి? నడుస్తున్న పెట్టెను నిర్ణీత కాలానికి లైన్ మీద నుంచి తప్పించి, లోపలికి తెచ్చి, విప్పి, చక్రాలు, బ్రేకులు, స్ప్రింగులు పరీక్షించి, బిగించి, సరిగా ఉందని తేల్చుకున్నాకే బయటకు పంపడం. ప్రయాణికులు ఎక్కిన పెట్టెను పరుగులో ఉండగా విప్పి చూడరు.

ఇంకా దగ్గరి పోలిక సిగ్నళ్ల విభాగంలో ఉంది. 2017లో ఖరగ్‌పూర్ స్టేషన్‌లో పాత రిలే వ్యవస్థ స్థానంలో 800 రూట్లను నియంత్రించగల ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ వచ్చింది. ఏ పాయింటు ఎటు తిరిగి ఉంటే ఏ సిగ్నల్ పచ్చబడవచ్చో, ఏది పడకూడదో తేల్చేది అందులో సాఫ్ట్‌వేరే. ఇలాంటి వ్యవస్థను పట్టాలకు తగిలించక ముందే బల్ల మీద అమర్చి, నిజం పాయింట్లకూ సిగ్నళ్లకూ బదులుగా స్విచ్చులూ బల్బులూ పెట్టి, ఒక్కో రూటునూ నడిపి చూస్తారు. ఒక పూట రైళ్లు ఆపి, కొత్త ప్రోగ్రాం పెట్టి, ఏమవుతుందో చూద్దాం అనే మాటే ఉండదు. వెబ్‌సైట్ తప్పు చేస్తే పెట్టెలు పట్టాలు తప్పవు కాబట్టి అక్కడ అంత జాగ్రత్త అక్కరలేదనిపిస్తుంది. ఆ మాట పింఛను దరఖాస్తు, ఆసుపత్రి నమోదు, పరీక్షా ఫలితం కూడా వెబ్‌సైట్లు కానంత కాలమే చెల్లింది.

సొంత కంప్యూటర్‌లో వెబ్ వాతావరణం అంటే గొప్ప యంత్రాంగమేమీ కాదు. మామూలుగా బ్రౌజర్ ఒక కంప్యూటర్‌లో ఉంటుంది, అది అడిగిన పేజీని ఇచ్చే సర్వర్ ఎక్కడో వేరే కంప్యూటర్‌లో ఉంటుంది. సర్వర్ అంటే పెద్ద పెట్టె అనుకోవడం అలవాటైపోయింది. నిజానికి సర్వర్ ఒక ప్రోగ్రాం. అడిగినప్పుడు జవాబివ్వడానికి కాచుకుని కూర్చునే ప్రోగ్రాం. అది బ్రౌజర్ ఉన్న కంప్యూటర్‌లోనే ఉండకూడదన్న నియమం ఏదీ లేదు. ప్రతి కంప్యూటర్‌కూ తనను తాను పిలుచుకునే చిరునామా ఒకటి ఉంటుంది. అది 127.0.0.1, దాని మారుపేరు లోకల్‌హోస్ట్. ఆ చిరునామాకు పంపిన ప్యాకెట్ యంత్రం దాటి బయటకు పోదు. లోపలికి లోపలే తిరిగి వస్తుంది. ఇంటర్నెట్ లేకపోయినా, రూటర్ ఆపేసినా, డేటా ప్యాక్ అయిపోయినా ఆ పేజీ తెరుచుకుంటుంది. చిత్రమేమిటంటే ఇలా తనను తాను పిలుచుకోవడానికి 127తో మొదలయ్యే చిరునామాలన్నీ, అంటే కోటీ అరవై ఏడు లక్షల పైచిలుకు, కేటాయించారు. వాడేది దాదాపు ఒక్కటే. చిరునామాలు ఎప్పటికీ చాలతాయనుకున్న రోజుల దుబారా అది.

అసలు వెబ్ పుట్టిందే ఇలా. స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ 1990లో మొదటి బ్రౌజర్‌నూ మొదటి సర్వర్‌నూ తన బల్ల మీది నెక్స్ట్ కంప్యూటర్‌లోనే రాశాడు, అందులోనే నడిపాడు. ఎవరైనా పొరపాటున ఆపేస్తారేమోనని, ఇది సర్వర్, ఆపవద్దు అనే అర్థంలో చేత్తో రాసిన చీటీ ఒకటి దానికి అంటించారు. ఆ చీటీ ఇప్పటికీ ఆ యంత్రం మీదే ఉంది. ప్రపంచంలో మొదటి వెబ్‌సైట్ మొదట నడిచింది ఒక ఉద్యోగి సొంత బల్ల మీద. పీహెచ్‌పీ భాష కథా అలాంటిదే. 1994లో రాస్మస్ లెర్‌డార్ఫ్ తన సొంత పేజీ కోసం రాసుకున్న చిన్న పనిముట్లు అందరికీ పనికివచ్చి భాషగా ఎదిగాయి. వెబ్‌ను అల్లినవాళ్లు దాన్ని ఇంటి పనిగానే మొదలుపెట్టారు. అద్దె సర్వర్ మీద తప్ప నేర్చుకోలేమన్న భ్రమ తర్వాత వచ్చింది.

ఇక ఆచరణ. అపాచీ అనే వెబ్ సర్వర్, మరియాడీబీ అనే డేటాబేస్, పీహెచ్‌పీ అనే భాష, ఈ మూడింటినీ ఒకే మూటగా కట్టి ఉచితంగా ఇచ్చే ఎక్సాంప్ వంటి సాఫ్ట్‌వేర్ 2002 నుంచి ఉంది. ఒకసారి దింపుకుని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే కాలనీలో ఎంతమంది కంప్యూటర్లలోనైనా వేసుకోవచ్చు. లైసెన్స్ చిక్కు లేదు. అంత కూడా అక్కరలేని వారికి పీహెచ్‌పీలోనే 2012లో వచ్చిన 5.4 వెర్షన్ నుంచి చిన్న సర్వర్ ఒకటి అంతర్భాగంగా ఉంది. పైథాన్‌లోనూ ఉంది. ఒక్క ఆదేశంతో ఒక ఫోల్డర్ వెబ్‌సైట్‌గా మారిపోతుంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కించలేని పాత కంప్యూటర్లు ఇంటింటా మూల పడుతున్నాయి. అలాంటి యంత్రంలో డెబియన్ వంటి ఏదైనా లైనక్స్‌ను తేలికపాటి డెస్క్‌టాప్‌తో వేస్తే వెబ్ నేర్చుకోవడానికి భేషుగ్గా పనికివస్తుంది. పైగా బయటి ప్రపంచంలో వెబ్ సర్వర్లు చాలా వరకు లైనక్స్ మీదే నడుస్తాయి. చివరికి ఇంట్లో కంప్యూటరే లేకపోయినా ఆండ్రాయిడ్ ఫోన్‌లో టెర్మక్స్ అనే యాప్ ద్వారా పీహెచ్‌పీనీ మరియాడీబీనీ నడపవచ్చు. వేళ్లు నొప్పి పుడతాయి, కానీ పని జరుగుతుంది.

అయితే ఈ దారి సాఫీగా ఉంటుందని చెప్పి నేర్చుకునేవాళ్లను మభ్యపెట్టకూడదు. మొదటి రోజే సర్వర్ మొరాయిస్తుంది. చాలాసార్లు కారణం పోర్ట్. ఒక కంప్యూటర్‌కు చిరునామా ఒకటే అయినా అందులో కాచుకుని ఉండే ప్రోగ్రాములు ఎన్నో. ఎవరికి వచ్చిన ఉత్తరం వారికి చేరడానికి ఒక్కొక్కరికి ఒక అంకె ఇస్తారు. వెబ్ సర్వర్‌కు వాడుకగా 80, మై ఎస్‌క్యూఎల్ కుటుంబానికి 3306. ఆ 80ని అప్పటికే మరో ప్రోగ్రాం పట్టుకుని ఉంటే అపాచీ లేవదు. అమరికల ఫైలు తెరిచి 80ని 8080గా మార్చితే లేస్తుంది. గంటసేపు జుట్టు పీక్కున్న తర్వాత ఈ ఒక్క అంకె మార్చడంతో పని జరిగితే విద్యార్థికి కోపం రావడం సహజం. కానీ ఆ గంటలో అతనికి చిరునామా వేరు, పోర్ట్ వేరు అనీ, తప్పులను రాసిపెట్టే లాగ్ ఫైలు ఒకటి ఉంటుందనీ, దాన్ని కింది నుంచి పైకి చదవాలనీ తెలిసిపోయింది. మళ్లీ మరిచిపోడు. ఉచిత హోస్టింగ్ వాడు ఈ గంటను మిగిల్చి పెడతాడు, దాంతోపాటు ఈ చదువునూ మిగలకుండా చేస్తాడు.

తెలుగు దగ్గరకు వచ్చేసరికి ఈ చదువు ఇంకా అవసరం. యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాల గడి ఉంది. యూటీఎఫ్-8 పద్ధతిలో దాచినప్పుడు అందులోని ప్రతి సంకేతమూ 3 బైట్లు తింటుంది. ఇంగ్లిష్ అక్షరానికి ఒక్క బైటు చాలు. 'తెలుగు' అన్న మాటకు తెలుగువాడు మూడు అక్షరాలంటాడు. యూనికోడ్ ఆరు సంకేతాలంటుంది, గుణింతపు గుర్తులను విడిగా లెక్కిస్తుంది కాబట్టి. పీహెచ్‌పీలో మాట పొడవు చెప్పే మామూలు ఆదేశం 18 అంటుంది, అది బైట్లను లెక్కిస్తుంది కాబట్టి. మూడు జవాబులూ సరైనవే. ప్రశ్న ఏదో తెలియకుండా జవాబు వాడితేనే ప్రమాదం.

ఒక ఫారంలో ఊరి పేరుకు 20 అని పరిమితి పెట్టారనుకుంటే, ఇంగ్లిష్‌లో శ్రీకాకుళం హాయిగా పడుతుంది. తెలుగులో 'శ్రీకాకుళం' నాలుగే అక్షరాలు. కానీ సంకేతాలు 10, బైట్లు 30. ప్రోగ్రాం బైట్ల లెక్కన 20 దగ్గర కత్తిరిస్తే ఆరు సంకేతాలు పూర్తిగా, ఏడోదానిలో రెండు బైట్లు మిగులుతాయి. తెర మీద 'శ్రీకా' అని, పక్కన నల్లటి వజ్రంలో ప్రశ్నార్థకం వస్తుంది. ఆ ప్రశ్నార్థకం తెలుగు చదివేవాళ్లందరూ చూసినదే, ఎందుకు వస్తుందో మాత్రం చాలామందికి ఎవరూ చెప్పలేదు. ఇంతకంటే నష్టం చేసేది మరొకటుంది. 2018లో 8.0 వెర్షన్ వచ్చే వరకూ మై ఎస్‌క్యూఎల్ ఎవరూ ఏమీ చెప్పకపోతే తనంతట తాను ఎంచుకునే అక్షర సముదాయం లాటిన్-1. పశ్చిమ ఐరోపా భాషల కోసం చేసింది అది. అందులో తెలుగు వేస్తే ఆ డేటాబేస్ తప్పు అని నిరాకరించాలి, లేదంటే ఒక్కో సంకేతాన్నీ ఒక్కో ప్రశ్నార్థకంగా మార్చి దాచుకోవాలి. రెండోది జరిగితే ఆ పేరు పోయినట్టే. తెర మీద తప్పుగా కనిపించడం కాదు, లోపలే ప్రశ్నార్థకాలు ఉంటాయి. ఎంత నిపుణుడు వచ్చినా వాటి నుంచి తిరిగి అప్పలనాయుడినో సత్యవతినో రాబట్టలేడు.

ఇది పుస్తక చర్చ కాకపోవడానికి పశ్చిమ బెంగాల్‌లో ఒక కారణం ఉంది. 2020 డిసెంబరులో ఆ రాష్ట్ర ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. ఖరగ్‌పూర్ తెలుగువాళ్లు చాలాకాలంగా కోరుతున్నది అదే. హోదాకు అర్థం దరఖాస్తులో, ధ్రువపత్రంలో, జాబితాలో తెలుగు పేరు తెలుగులో ఉండగలగడం. ఇవాళ ఆ దరఖాస్తు కాగితం మీద కంటే తెర మీదే ఎక్కువ. ఫారం తెలుగును మింగి ప్రశ్నార్థకాలు కక్కితే హోదా ఉత్తర్వు ఏ గెజిట్‌లో ఉన్నా ప్రయోజనం శూన్యం. ఆ ఫారం రాసేది కలకత్తాలోనో బెంగళూరులోనో తెలుగు రాని ఇంజనీరు కావచ్చు. అతన్ని తప్పుపట్టి లాభం లేదు. తన కంప్యూటర్‌లో తెలుగు పేరు వేసి చూడాలన్న ఆలోచన అతనికి రాదు. ఆ ఆలోచన వచ్చేది ఇంటి పేరు తెలుగు, బడి భాష బెంగాలీ, వీధి భాష హిందీ అయిన ఖరగ్‌పూర్ పిల్లలకే. మథురాకాటిలోనో నిమ్‌పురాలోనో రైల్వే క్వార్టర్‌లో కూర్చుని, పరీక్ష కోసం వంద కల్పిత పేర్లు నాలుగు లిపుల్లో డేటాబేస్‌లో వేసి, వెతికి, కత్తిరించి, వరుసలో పేర్చి చూడగల స్థితిలో ఉన్నది వాళ్లే. దేశంలో చాలా ఊళ్లకు లేని అర్హత అది.

కల్పిత పేర్లు అన్న మాటను దాటిపోకూడదు. సొంత కంప్యూటర్ సురక్షితం అనుకుని అసలు జాబితాలను, ఆధార్ అంకెలతో సహా, పరీక్షకు తెచ్చుకునే అలవాటు ఒకటి కనిపిస్తుంది. ల్యాప్‌టాప్ రైల్లో పోతే అన్నీ పోతాయి. పైగా ఎక్సాంప్ వంటి మూటలు నేర్చుకోవడం కోసం చేసినవి. అందులో డేటాబేస్ యజమాని ఖాతాకు మొదట సంకేతపదం కూడా ఉండదు. 127.0.0.1 చిరునామాకే కట్టుబడి ఉన్నంత వరకు అది ఇంటి లోపలి తలుపు. సర్వర్‌ను అన్ని చిరునామాలకూ తెరిచి పెడితే అదే వైఫై మీద ఉన్న పక్కింటి ఫోన్‌కూ తలుపు తీసినట్టే. ఈ తేడాను అనుభవంతో తెలుసుకోవడానికీ సొంత యంత్రమే మంచి చోటు.

ఎదురు వాదనలు లేకపోలేదు. అన్నీ క్లౌడ్‌లోకి పోతున్న కాలంలో ఈ పాత పద్ధతి దేనికి అన్నది ఒకటి. బ్రౌజర్‌లోనే తెరుచుకునే ఎడిటర్లు మంచివే, మొదటి వారానికి చాలా మంచివి. కంప్యూటర్ లేని పిల్లలకు అవి తప్ప దిక్కు లేదు కూడా. కానీ వాటికి ఎల్లప్పుడూ కనెక్షన్ ఉండాలి. ఉచిత పరిమితి దాటితే డబ్బు కట్టాలి. కంపెనీ ఒక ఉదయాన సేవ మూసేస్తే రాసినదంతా ఎక్కడుందో వెతుక్కోవాలి. వాటి వెనుకా నడిచేది ఒక లైనక్స్ యంత్రమే, అందులో అదే సర్వర్, అదే పోర్ట్. ఇంట్లో ఒకసారి అమర్చుకున్నవాడికి క్లౌడ్ రెండు రోజుల్లో వస్తుంది. క్లౌడ్‌తో మొదలుపెట్టినవాడికి ఇంటి అమరిక భయంగానే మిగిలిపోతుంది.

కృత్రిమ మేధ రాసిపెడుతుంటే ఇదంతా ఎందుకన్నది రెండోది. రాసిపెడుతుంది, చాలాసార్లు బాగానే రాస్తుంది. పేరు పొడవు కొలవమంటే బైట్లను లెక్కించే ఆదేశాన్నీ రాసివ్వగలదు. ఇంగ్లిష్ పేరుతో పరీక్షిస్తే రెండు ఆదేశాలకూ జవాబు ఒకటే కాబట్టి తప్పు బయటపడదు. 'శ్రీకాకుళం' వేసి నడిపి చూసినప్పుడే బయటపడుతుంది. అంటే రాసే శ్రమ తగ్గిన కొద్దీ నడిపి చూసే చోటు అవసరం పెరుగుతుంది.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం వృత్తిలో ఉన్నవాళ్ల నుంచి వస్తుంది: ఇంట్లో పనిచేసింది బయట పనిచేస్తుందన్న హామీ ఏమిటి? హామీ లేదు. విండోస్‌లో ఫైలు పేరులో పెద్ద అక్షరమైనా చిన్న అక్షరమైనా ఒకటే. లైనక్స్ సర్వర్ మీద అవి రెండు వేర్వేరు ఫైళ్లు. ఇంట్లో చక్కగా కనిపించిన ఫోటో బయట మాయమవుతుంది. డేటాబేస్ వెర్షన్ తేడా వస్తే ఖరగ్‌పూర్ మళ్లీ దొరకకుండా పోవచ్చు. 'నా కంప్యూటర్‌లో బాగానే ఉందే' అన్న మాట సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో పాత జోకు. ఆ జోకుకు విరుగుడుగానే 2013లో డాకర్ వంటి పనిముట్లు వచ్చాయి. సర్వర్, భాష, డేటాబేస్ వెర్షన్లతో సహా వాతావరణాన్నంతా ఒక ఫైలులో రాసిపెట్టి, ఇంట్లోనూ బయటా అదే తయారయ్యేలా చూస్తాయి. నేర్చుకునే క్రమంలో అది రెండో మెట్టు. మొదటి మెట్టులో ఏమేమి భాగాలుంటాయో చేత్తో బిగించి చూడనివాడికి ఆ ఫైలులో ప్రతి లైనూ మంత్రంలాగే ఉంటుంది. ఈ అభ్యంతరం సొంత అమరికను వద్దనడం లేదు, అక్కడితో ఆగవద్దంటోంది. ఆ మేరకు సరైనదే.

ఇక ఎవరు నేర్పాలి అన్న ప్రశ్న. ఖరగ్‌పూర్‌కు వింతైన భాగ్యం ఉంది. దేశంలో మొదటి ఐఐటీ 1951లో ఆ ఊళ్లోనే, హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో మొదలైంది. నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాను నిర్మించింది ఆ సంస్థే. 2018లో అది జాతికి అంకితమైంది. దేశంలోని భాషల పుస్తకాలను ఒక వెతుకులాట పెట్టెలోకి తెచ్చే పనిలో పైన చెప్పిన అక్షరాల చిక్కులన్నీ ఎదురయ్యేవే. క్రోమ్ బ్రౌజర్ అభివృద్ధికి నాయకత్వం వహించిన సుందర్ పిచాయ్ చదివిందీ అక్కడే. అయినా ఐఐటీ గేటుకూ రైల్వే కాలనీకీ మధ్య దూరం కిలోమీటర్లలో కొలిచేది కాదు. కాలనీ పిల్లవాడికి ఆ గేటు ప్రవేశ పరీక్ష రాసేవాళ్లది. ఐఐటీ విద్యార్థులు నెలకు రెండు ఆదివారాలు కాలనీలో ఏదైనా సంఘం హాల్లో కూర్చుని, పది పాత కంప్యూటర్లలో లైనక్స్ వేసి, సర్వర్ లేపి చూపిస్తే దానికి ప్రత్యేక పథకం కూడా అక్కరలేదు. తెలుగు సంఘాలు పండుగలకు వేసే పందిరి ఖర్చులో చిన్న భాగం చాలు. పాఠాలకు కొదవ లేదు. ఐఐటీ బొంబాయి నడిపే స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టులో లైనక్స్, పీహెచ్‌పీ, మై ఎస్‌క్యూఎల్ వంటివాటి మీద తెలుగుతో సహా భారతీయ భాషల్లో చిన్న చిన్న వీడియో పాఠాలున్నాయి.

భాష విషయంలో ఒక మొండితనం మాత్రం మానుకోవాలి. సర్వర్‌ను సేవకి అనో, పోర్ట్‌ను రేవు అనో మార్చి పాఠం రాస్తే తెలుగులో నేర్పినట్టు కాదు. వర్క్‌షాపులో తాతల కాలం నుంచి ఫిట్టర్లు బోల్టును బోల్టనే, బ్రేకును బ్రేకనే పిలిచారు. పని ఎలా చేయాలో మాత్రం తెలుగులో చెప్పుకున్నారు. కావలసింది ఆ రెండోది. తప్పు సందేశం ఇంగ్లిష్‌లో వచ్చినప్పుడు అది ఏమంటోంది, ముందుగా ఎక్కడ చూడాలి, దేన్ని ముట్టుకోకూడదు అన్నది పక్కన కూర్చుని తెలుగులో చెప్పగల మనిషి.

ఆ పది కంప్యూటర్లలో మొదట ఏం వేయాలన్నది తేలికైన ప్రశ్న. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. దాన్ని నడిపే మీడియావికీ సాఫ్ట్‌వేర్ ఉచితం. పీహెచ్‌పీ, మరియాడీబీ ఉన్న ఏ సొంత కంప్యూటర్‌లోనైనా వేసుకోవచ్చు, దాని మెనూలు తెలుగులో ఉన్నాయి. ఖరగ్‌పూర్ తెలుగు కుటుంబాల వలస కథలు, వర్క్‌షాపు విభాగాల పేర్లు, ఏ క్వార్టర్ల వరుసకు ఏ పేరు ఎందుకు వచ్చిందో, ఇవన్నీ ఇప్పటికీ పెద్దవాళ్ల నోళ్లలోనే ఉన్నాయి. వాటిని రాసుకునే చిన్న వికీ ఒకటి లోకల్‌హోస్ట్ మీద మొదలుపెట్టి, ఊరి పేరును రెండు రకాలుగానూ టైప్ చేసి వెతికినా దొరికే దాకా సరిచేసుకుని, ఆ తర్వాత బయట సర్వర్ మీద పెట్టవచ్చు. మొదటి పని మటుకు ఇంటర్నెట్ లేకుండా ఈ ఆదివారమే చేయదగినది.